అత్తగారు తలుపు తీసి ‘కమ్, సిట్’ అన్నారు: ఐస్ వాళ్లు మళ్లీ వస్తే ఏం చెయ్యాలి?

ముందు మీ ప్రశ్నని క్లుప్తంగా మళ్లీ చెప్తాను, తర్వాత చదివేవాళ్లకి సందర్భం తెలియాలి కదా. మీరూ మీవారూ టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటున్నారు, ఇద్దరిదీ హెచ్1బి ఉద్యోగ వీసా. మీ తమ్ముడు స్టెమ్ ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే ఉద్యోగం చేసుకునే అనుమతి) మీద మీ దగ్గరే ఉంటున్నాడు. అత్తమామలు విజిటర్ వీసా మీద వచ్చి మూడు నెలలైంది. మొన్న పొద్దున మీరు ఆఫీసులో ఉండగా ఐస్ (ICE, ఇమిగ్రేషన్ అరెస్టులు చేసే ఫెడరల్ ఏజెన్సీ) వాళ్లు ఇద్దరు వచ్చి తలుపు కొట్టారు. చొక్కా మీద ‘పోలీస్’ అని ఉంది. అత్తగారు తలుపు తీసి, ఇంటికొచ్చినవాళ్లని గుమ్మంలో నిలబెట్టడం ఇష్టంలేక ‘కమ్, సిట్’ అని పిలిచి మంచినీళ్లు ఇచ్చారు. వాళ్లు ఇదివరకు ఆ ఇంట్లో అద్దెకున్న ఒకతని ఫొటో చూపించి అడిగారు, గదులన్నీ కలియజూశారు, మామగారి పాస్‌పోర్టు చూసి వెళ్లిపోయారు. మేం తప్పు చేశామా, మళ్లీ వస్తే ఏం చెయ్యాలి అని మీ ప్రశ్న.

తప్పేమీ చెయ్యలేదు. అత్తగార్ని ఏమీ అనకండి, ఆవిడ అప్పటికే భయపడి ఉంటారు. కానీ మళ్లీ అలా జరగకూడదు.

నేను లాయర్ని కాను. చాలా ఏళ్లుగా ఒక ఇమిగ్రేషన్ లాయర్ దగ్గర పారాలీగల్‌గా, అంటే కేసుల పనిలో సహాయకులుగా పనిచేస్తున్నాను. మా ఆఫీసులో తెలుగు వచ్చింది నాకొక్కరికే కాబట్టి మనవాళ్ల ఫోన్లన్నీ నాకే వస్తాయి. ఆ అనుభవంతో ఒక మాట చెప్తాను. మనవాళ్ల కేసుల్లో ఆఫీసర్లు బలవంతంగా తీసుకున్నదానికంటే మనవాళ్లు మొహమాటంకొద్దీ ఇచ్చేసిందే ఎక్కువ కనిపించింది నాకు. లోపలికి రమ్మనడం, అడగనివి కూడా చెప్పడం, ఫోన్ తెరిచి ఇవ్వడం, సంతకం పెట్టమంటే పెట్టేయడం. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన పెద్దవాళ్లు ఒక మోటు సామెత చెప్తారు, అది ఇక్కడ రాయను.

తలుపు సంగతి చూద్దాం. అమెరికా రాజ్యాంగంలో నాలుగో సవరణ ఇంటికి ఇచ్చే రక్షణ సిటిజన్లకి మాత్రమే కాదు, ఆ ఇంట్లో ఉంటున్న ఎవరికైనా వర్తిస్తుంది. ఇంట్లోకి రావాలంటే జడ్జి సంతకం పెట్టిన వారంట్ ఉండాలి, లేదా మీరు రమ్మనాలి. లోపల ఎవరి ప్రాణానికో ముప్పు ఉండటంలాంటి అత్యవసరాలు వేరు. మీ అత్తగారు ‘కమ్’ అన్న క్షణంలో వాళ్లకి వారంట్ అవసరం లేకుండా పోయింది. చట్టం భాషలో అది కన్సెంట్. తలుపు బార్లా తీసి పక్కకి తప్పుకున్నా సరే, వాళ్లు దాన్ని అనుమతి అనే అంటారు. కాబట్టి తలుపు తియ్యకుండానే మాట్లాడాలి. డోర్ కెమెరా ఉంటే దాన్లోంచి, లేకపోతే తలుపు వెనక నుంచే. ‘ఎవరు మీరు? వారంట్ ఉందా? ఉంటే తలుపు కిందనుంచి తొయ్యండి, లేదా కిటికీకి ఆనించి చూపించండి’ అనాలి. ‘పోలీస్’ అని రాసి ఉన్నంత మాత్రాన ఊరి పోలీసులనుకోవద్దు. ఐస్ వాళ్లు కూడా ఆ మాటే వేసుకుంటారు, అది మామూలే.

కాగితం చూపించారనుకోండి. మనవాళ్లకి ఇక్కడే తెలియదు, కాబట్టి నిదానంగా చెప్తాను. ఐస్ వాళ్ల దగ్గర ఎక్కువగా ఉండేవి రెండు ఫారాలు. ఐ-200 అనేది అరెస్టుకి, ఐ-205 అనేది డిపోర్టేషన్ ఆర్డర్ అమలుకి. రెండింటి మీదా వారంట్ అనే పెద్ద అక్షరాలతో ఉంటుంది, పైన డిపార్ట్‌మెంట్ ఆఫ్ హోమ్‌లాండ్ సెక్యూరిటీ అని ఉంటుంది, కింద సంతకం ఒక ఇమిగ్రేషన్ ఆఫీసర్‌ది. అంటే వాళ్ల డిపార్ట్‌మెంటు వాళ్లే రాసుకున్న కాగితం. బయట దొరికిన మనిషిని పట్టుకోవడానికి అది చాలు. తలుపు దాటి రావడానికి చాలదు అనేది ఎప్పట్నుంచో ఉన్న సూత్రం. జడ్జి వారంట్ అయితే పైన యునైటెడ్ స్టేట్స్ డిస్ట్రిక్ట్ కోర్ట్ అనో, స్టేట్ కోర్టు పేరో ఉంటుంది, కింద జడ్జి లేదా మెజిస్ట్రేట్ జడ్జి సంతకం ఉంటుంది. వెతకడానికి ఇచ్చిందైతే ఏ ఇల్లో అడ్రస్ ఉంటుంది. కంగారులో పైనుంచి కిందిదాకా చదవలేరు. పైన కోర్టు పేరు ఉందా, కింద జడ్జి అని ఉందా, మీ అపార్ట్‌మెంట్ నంబరు సరిపోయిందా, ఈ మూడూ చూడండి చాలు.

మీ విషయంలో ఇంకో మెలిక ఉంది. వాళ్లు వెతుకుతున్నది పాత టెనెంట్‌ని. వేరే మనిషి పేరు మీద జడ్జి ఇచ్చిన అరెస్టు వారంట్ ఉన్నా, మీ ఇంట్లోకి రావాలంటే మీ ఇంటికి విడిగా సెర్చ్ వారంట్ కావాలని సుప్రీంకోర్టు 1981లోనే చెప్పింది. కానీ వాళ్ల రికార్డుల్లో అతను ఇంకా మీ అడ్రస్‌లోనే ఉన్నాడు. మళ్లీ వచ్చే అవకాశం ఉందని నేననుకునేది అందుకే. తలుపు వెనకనుంచి ‘ఆ పేరుగల మనిషి ఇక్కడ ఉండడు’ అని ఒక్క మాట చెప్పడంలో నష్టం లేదు, అది నిజం కాబట్టి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. తుది డిపోర్టేషన్ ఆర్డర్ ఉన్నవాళ్ల విషయంలో ఐ-205 ఉంటే బలవంతంగానైనా ఇంట్లోకి వెళ్లొచ్చని 2025లో ఐస్ లోపల ఒక మెమో తిరిగింది. దాని మీద కోర్టుల్లో గొడవ నడుస్తోంది. ఏది ఒప్పని కోర్టులు తేల్చేలోపు మీ గుమ్మంలో ఉన్నవాళ్లు ఏది నమ్ముతారో మనం చెప్పలేం. కాబట్టి వాళ్లు మీ మాట వినకుండా లోపలికి వచ్చేస్తే అడ్డం నిలబడొద్దు, చెయ్యి పట్టుకోవద్దు, తలుపు బిగించి తొయ్యొద్దు. ‘ఐ డు నాట్ కన్సెంట్’ అని గట్టిగా, అందరికీ వినిపించేలా రెండుసార్లు అనండి. వీలైతే ఎవరో ఒకరు ఫోన్‌లో రికార్డు చెయ్యండి. వాళ్లని అడ్డుకోనంతవరకు రికార్డు చేసుకోవచ్చు.

అక్రమంగా లోపలికి వచ్చారు కాబట్టి కేసు కొట్టేస్తారు అనుకుంటారు చాలామంది. సినిమా కోర్టుల ప్రభావం అది. క్రిమినల్ కేసుల్లో అక్రమంగా సేకరించిన సాక్ష్యాన్ని పక్కన పెట్టే నియమం ఉంది. డిపోర్టేషన్ కేసు సివిల్ కేసు కాబట్టి మామూలుగా ఆ నియమం వర్తించదని 1984లో లోపెజ్-మెండోజా కేసులో సుప్రీంకోర్టు అంది. మరీ ఘోరమైన ఉల్లంఘన అయితే లాయర్ వాదించొచ్చు, కానీ అది కష్టమైన దారి. అందుకే తలుపు దగ్గర ఒప్పుకోకుండా ఉండటం అంత ముఖ్యం. ఒకసారి చేతికిచ్చింది తర్వాత వెనక్కి రాదు.

ఇక ‘నోరు విప్పొద్దు’ అనే సలహా. వాట్సాప్‌లో తిరిగే పోస్టర్లు, హక్కులు రాసి ఉండే ఎర్ర కార్డులు మీరూ చూసే ఉంటారు. అవి మంచివే, నా పర్సులో కూడా ఒకటి ఉంది. కానీ అవి ముఖ్యంగా కాగితాలు లేనివాళ్ల కోసం తయారైనవి. కాగితాలు లేని మనిషి ఎక్కడ పుట్టాడో చెప్పకపోతే, ఆ సంగతి వాళ్లే నిరూపించుకోవాలి. అక్కడ మౌనం బలం. మన హెచ్1బి, ఎఫ్1 (స్టూడెంట్), బి2 (విజిటర్) వాళ్ల పరిస్థితి వేరు. మనం వచ్చిన తేదీ, వేలిముద్రలు, ఎంప్లాయర్ పేరు అన్నీ ముందే వాళ్ల కంప్యూటర్లో ఉన్నాయి. పైగా రెండు నియమాలు మనకి ప్రత్యేకంగా వర్తిస్తాయి. ఒకటి, 18 ఏళ్లు దాటిన సిటిజన్ కానివాళ్లు తమ రిజిస్ట్రేషన్ పత్రం ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. గ్రీన్ కార్డు వాళ్లకి గ్రీన్ కార్డు, మనకి ఐ-94, అంటే దేశంలోకి వచ్చినట్టు ఉండే రికార్డు. చట్టం పాతదే, కానీ 2025 నుంచి దాన్ని గట్టిగా అమలు చేస్తామంటున్నారు. రెండోది చాలామందికి తెలియదు. వీసా మీద ఉన్నవాళ్లు హోమ్‌లాండ్ సెక్యూరిటీ అడిగిన సమాచారం కావాలని దాచినా, అబద్ధం చెప్పినా స్టేటస్ నిలబెట్టుకోనట్టే లెక్క అని రూల్స్‌లో ఉంది. మౌనంగా ఉండే రాజ్యాంగ హక్కూ ఉంది, ఈ రూలూ ఉంది. రెండింటి మధ్య సన్నటి దారిలో నడవాలి.

మా లాయర్ గారు వీసా ఉన్నవాళ్లకి చెప్పేది ఇది: కాగితం చూపించండి, కథ చెప్పకండి. స్టేటస్ అడిగితే ఐ-94 ప్రింటవుట్, ఐడీ చూపించండి. ‘మిగతా ప్రశ్నలకి మా లాయర్ సమక్షంలో సమాధానం ఇస్తాను’ అనండి. అది దాచడం కాదు, తిరస్కరించడం కాదు. ఎవరితో ఉంటున్నారు, ఎక్కడెక్కడ పనిచేశారు, తమ్ముడు ఏం చేస్తాడు, పక్కింటివాళ్లు ఎవరు, ఈ కబుర్లు గుమ్మంలో వద్దు. అబద్ధం అసలే వద్దు. ఫెడరల్ ఆఫీసర్‌కి అబద్ధం చెప్తే 5 ఏళ్ల దాకా జైలు పడే నేరం. ‘అవును, సిటిజన్నే’ అని టెన్షన్‌లో ఒక్క మాట జారితే ఇంకా ఘోరం. సిటిజన్ అని అబద్ధం చెప్పుకోవడం గ్రీన్ కార్డుకి దాదాపు శాశ్వతంగా తలుపు మూసేస్తుంది.

ఐ-94ని సీబీపీ (ఎయిర్‌పోర్టులో తనిఖీ చేసే ఏజెన్సీ) సైట్‌లోంచి ప్రింట్ తీసి మడతపెట్టి పర్సులో పెట్టుకోండి. ఫోన్‌లో ఫొటో ఉంది కదా అనుకోవద్దు. ఫోన్ తెరిచి చూపించబోతే అది వాళ్ల చేతిలోకి వెళ్తుంది. అత్తమామలకీ చెరొక ప్రింట్ తీసివ్వండి. ఇద్దరూ పొద్దున్నే పార్కులో నడకకి వెళ్తారు కదా, జేబులో అది ఉండాలి. అసలు పాస్‌పోర్టు రోజూ మోయడం నాకిష్టం ఉండదు, పోతే ఇంకో తలనొప్పి. ఇల్లు మారితే 10 రోజుల్లోపు ఏఆర్-11 అనే అడ్రస్ మార్పు ఫారం ఆన్‌లైన్‌లో నింపడం, ఇక్కడ ఉన్న పిల్లలకి 14 ఏళ్లు నిండితే 30 రోజుల్లో మళ్లీ రిజిస్టర్ చేయించడం కూడా ఇదే చట్టంలోవి. రెండోది గ్రీన్ కార్డు పిల్లలున్న ఇళ్లలో తెగ మర్చిపోతారు.

వీధిలో, కారులో ఎవరైనా ఆపితే మొదటి ప్రశ్న ఒకటే: ‘ఆమ్ ఐ ఫ్రీ టు గో?’ అవునంటే నిదానంగా నడిచి వెళ్లిపోండి. కాదంటే మిమ్మల్ని ఆపి ఉంచినట్టు, దానికి వాళ్ల దగ్గర కారణం ఉండాలి. పరుగెత్తొద్దు, ఆ పరుగే కారణం అయిపోతుంది. ట్రాఫిక్ పోలీసు ఆపితే డ్రైవర్ లైసెన్సు, ఇన్సూరెన్సు ఇవ్వాల్సిందే. కారు వెతుకుతామంటే ఒప్పుకోనవసరం లేదు. ఒంటి రంగు, యాస చూసి ఆపొచ్చా అని అడిగేవాళ్లున్నారు. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో జాతి, భాష, ఉన్న చోటు, చేసే పని, వీటిని మాత్రమే చూసి ఆపకూడదని కింది కోర్టు పెట్టిన ఆంక్షని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు నిలిపేసింది. కాబట్టి ‘మేం సాఫ్ట్‌వేర్ వాళ్లం, మమ్మల్నెవరు ఆపుతారు’ అనే ధీమా వద్దు. గుడి దగ్గరికి రారులే అనుకోవడం కూడా పాత మాటే. గుళ్లు, బళ్లు, ఆసుపత్రుల దగ్గర అరెస్టులు చెయ్యకుండా ఉండే పాత పాలసీని 2025 జనవరిలో రద్దు చేశారు.

మీ తమ్ముడి గురించి విడిగా చెప్పాలి. అతని దగ్గరికి వచ్చేవాళ్లు వేరే రకం కావచ్చు. స్టెమ్ ఓపీటీ వాళ్లు పనిచేసే చోటుకి హోమ్‌లాండ్ సెక్యూరిటీ వాళ్లు వచ్చి చూడొచ్చు. ఫిర్యాదు ఉంటే తప్ప ఎంప్లాయర్‌కి 48 గంటల ముందు చెప్పాలి. హెచ్1బి వాళ్లకి యూఎస్‌సీఐఎస్ (వీసా పిటిషన్లు చూసే ఏజెన్సీ) సైట్ విజిట్లు, అంటే పనిచేసే చోట తనిఖీలు ఉంటాయి. 2025 జనవరి 17 నుంచి అమల్లోకి వచ్చిన రూల్ ప్రకారం, ఇంటినుంచి పనిచేసేవాళ్ల ఇంటికి కూడా రావొచ్చు, సహకరించకపోతే పిటిషన్ తిరస్కరించొచ్చు, రద్దు చెయ్యొచ్చు. అంటే గుమ్మంలో ఉన్నది ఐస్ అరెస్టు టీమా, యూఎస్‌సీఐఎస్ ఇన్‌స్పెక్టరా అన్నది ముందు తేల్చుకోవాలి. ఇన్‌స్పెక్టర్ అయితే కార్డు తీసుకుని, హెచ్ఆర్‌కి, కంపెనీ లాయర్‌కి వెంటనే ఫోన్ చేసి, వాళ్లు లైన్‌లో ఉండగా మాట్లాడండి. స్టెమ్ ఓపీటీకి ఇచ్చిన ట్రైనింగ్ ప్లాన్ ఫారం ఐ-983లో రాసిన అడ్రస్, జీతం, మేనేజర్ పేరు మీ తమ్ముడికి నిద్రలో లేపి అడిగినా రావాలి. అవి చెప్పలేక నీళ్లు నమిలితే ఏ హక్కూ కాపాడదు. కన్సల్టెన్సీ వాళ్లు పెట్టిన అడ్రస్ ఒకటి, పని ఇంకోచోట అయితే ఇప్పుడే సరిచేయించండి.

స్టూడెంట్ల విషయంలో నాకు గట్టిగా మాట్లాడే అలవాటుంది, దానికి కారణముంది. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు మన పిల్లల కాళ్లకి ట్రాకింగ్ పట్టీలు కట్టారు. 2019లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అన్నది హోమ్‌లాండ్ సెక్యూరిటీ వాళ్లే మిషిగన్‌లో నడిపిన ఉత్తుత్తి కాలేజీ అని తేలింది. క్లాసుల్లేవు, ప్రొఫెసర్లు లేరు, సీటుకి ఫీజు మాత్రం ఉంది. జనవరి చివర్లో మొదలైన అరెస్టుల్లో పట్టుబడిన 130 మందిలో 129 మంది మన దేశం వాళ్లే, వాళ్లలో తెలుగు పిల్లలు చాలామంది. ఆ వారం ఖమ్మం నుంచి ఒక తండ్రి మా ఆఫీసుకి ఫోన్ చేశాడు. రెండు రోజులుగా అబ్బాయి ఫోన్ ఎత్తడంలేదట. అబ్బాయి ఏ నంబరూ కంఠతా పట్టలేదు, అన్నీ ఫోన్‌లోనే, ఆ ఫోన్ వాళ్ల దగ్గర. మేం పేరు, పుట్టిన దేశం, పుట్టిన తేదీ పెట్టి ఐస్ డిటైనీ లొకేటర్ సైట్‌లో వెతికాం. దొరకలేదు. చివరికి ఇంటిపేరుని అసలు పేరుగా, అసలు పేరుని ఇంటిపేరుగా తిరగేసి కొడితే దొరికాడు. పాస్‌పోర్టులో మన పేర్లు ఎలా పడతాయో మీకు తెలుసు కదా. అప్పటికే వెళ్లిపోతానని ఒక కాగితం మీద సంతకం పెట్టేశాడు. ‘సార్ మర్యాదగా అడిగాడంకుల్, పెడితే త్వరగా ఇంటికి పంపిస్తామన్నాడు’ అన్నాడు తర్వాత.

అరెస్టయితే చెయ్యాల్సింది ఆ కుర్రాడి కథలోనే ఉంది. రెండు ఫోన్ నంబర్లు నోటికి రావాలి, ఒకటి ఇంట్లోవాళ్లది, ఒకటి లాయర్‌ది. ‘ఐ వాంట్ టు స్పీక్ టు మై లాయర్’ అన్నాక కబుర్లు ఆపేయాలి. చదవని కాగితం, అర్థంకాని కాగితం, లాయర్ చూడని కాగితం, వేటి మీదా సంతకం వద్దు. ఇమిగ్రేషన్ కోర్టులో లాయర్‌ని పెట్టుకునే హక్కు ఉంది కానీ ప్రభుత్వం లాయర్‌ని ఇవ్వదు, ఖర్చు మనదే. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగొచ్చు. ఇంగ్లీషు వచ్చు కదా అని నామోషీ పడకండి, కోర్టు ఇంగ్లీషు వేరు. కాన్సులేట్‌కి చెప్పమని కూడా అడగాలి. ఇది ముఖ్యం, ఎందుకంటే కొన్ని దేశాలవాళ్ల విషయంలో వాళ్లే తప్పనిసరిగా కబురు చెయ్యాలి, ఇండియా ఆ జాబితాలో లేదు. మీరు అడిగితేనే చెప్తారు. టెక్సస్ వాళ్లకి హ్యూస్టన్ కాన్సులేట్.

వీసా మీద సక్రమంగా వచ్చి, తర్వాత స్టేటస్ పోయినవాళ్లు సాధారణంగా జడ్జి దగ్గర బాండ్ (డబ్బు కట్టి విడుదలవడం) అడగొచ్చు. చట్టంలో కనీస మొత్తం 1,500 డాలర్లు, జడ్జి పెట్టేది అంతకంటే చాలా ఎక్కువ ఉండటం మామూలే. క్రిమినల్ కేసులుంటే లెక్క మారుతుంది. పిల్లలకి దండం పెట్టి చెప్తున్నాను, షాపులో 30 డాలర్ల వస్తువు బిల్లు కట్టకుండా బయటికి తెచ్చిన కేసు హెచ్1బి స్టాంపింగ్ దాకా వెంటాడుతుంది. అలాంటి కేసులో నేరం ఒప్పుకునేముందు మీ క్రిమినల్ లాయర్‌ని ‘ఇమిగ్రేషన్ మీద దీని ప్రభావం ఏంటి’ అని రాతపూర్వకంగా అడగండి. ఆ సలహా ఇవ్వడం అతని బాధ్యత అని 2010లో పడీయా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 ఏప్రిల్‌లో వేలమంది స్టూడెంట్ల సెవిస్ (స్టూడెంట్ల స్టేటస్ ఉండే ప్రభుత్వ డేటాబేస్) రికార్డులు ఒక్కసారిగా రద్దు చేసినప్పుడు, పోలీసు రికార్డులతో పేర్లు పోల్చి చేశారు. వాళ్లలో ట్రాఫిక్ కేసులవాళ్లు, కొట్టేసిన కేసులవాళ్లు కూడా ఉన్నారు. కోర్టులకి వెళ్తే నెలాఖరుకి రికార్డులు తిరిగి ఇచ్చారు.

మీరు అడగకపోయినా ఎయిర్‌పోర్టు గురించి చెప్పాలి, ఎందుకంటే అత్తమామలు మళ్లీ వస్తారని చివర్లో రాశారు. ఇంటి గుమ్మంలో ఉన్న బలం ఎయిర్‌పోర్టులో ఉండదు. అక్కడ సూట్‌కేసు వెతకడానికి, ఫోన్ చూడటానికి వాళ్లకి వారంట్ అక్కర్లేదు. సెకండరీ గదిలో, అంటే పక్కకి తీసుకెళ్లి ఇంకా ప్రశ్నలు అడిగే చోట, లాయర్‌ని పక్కన కూర్చోబెట్టుకునే హక్కు మామూలుగా లేదు. ఫోన్ పాస్‌కోడ్ ఇవ్వనంటే వీసా మీద వచ్చేవాళ్లని వెనక్కి పంపేయొచ్చు. గ్రీన్ కార్డువాళ్లని ఆ ఒక్క కారణంతో వెనక్కి పంపలేరు, ఫోన్ మాత్రం ఉంచేసుకోవచ్చు. విజిటర్‌ని వెనక్కి పంపడంలోనూ రెండు రకాలున్నాయి. ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్ (జడ్జి దాకా వెళ్లకుండా ఆఫీసరే ఇచ్చే డిపోర్టేషన్ ఆర్డర్) రాస్తే 5 ఏళ్లు రాకూడదు. ‘నేనే వెనక్కి వెళ్లిపోతాను’ అని అప్లికేషన్ విత్‌డ్రా చేసుకోనిస్తే ఆ 5 ఏళ్ల నిషేధం పడదు. ఇవ్వాలా వద్దా అన్నది వాళ్లిష్టం, కానీ అడగడంలో తప్పులేదు.

గ్రీన్ కార్డు ఉన్న పెద్దవాళ్ల సంగతికొస్తే, ఐ-407 అనే ఫారం పేరు గుర్తుపెట్టుకోండి. గ్రీన్ కార్డు నా ఇష్టప్రకారం వదులుకుంటున్నాను అని రాసిచ్చే కాగితం అది. రెండేళ్ల కిందట ఒక పెద్దాయన, ఆవిడ ఏడు నెలలు ఊళ్లో ఉండి తిరిగొచ్చారు. మనవరాలి పెళ్లి, తర్వాత ఆయనకి కంటి ఆపరేషన్. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు ‘మీరు ఇక్కడ ఉండట్లేదు కదా, ఇది సంతకం చేస్తే విజిటర్‌గా లోపలికి పంపిస్తాను’ అన్నాడట. పద్దెనిమిది గంటల ప్రయాణం, ఆవిడకి షుగర్ మందు టైం దాటిపోయింది. ఆయన కళ్లజోడు సంచిలో ఎక్కడుందో వెతుక్కుని మరీ సంతకం పెట్టాడు. చదవడానికి కాదు, గీత ఎక్కడుందో చూడటానికి. బయట కొడుకు నాలుగు గంటలుగా కారులో ఎదురుచూస్తున్నాడు.

సంతకం పెట్టనవసరం లేదు. 180 రోజులకి మించి బయట ఉంటే ప్రశ్నలు గట్టిగా పడతాయి, నిజమే. కానీ గ్రీన్ కార్డు వదిలేశారని తేల్చాల్సింది ఇమిగ్రేషన్ జడ్జి, నిరూపించాల్సిన భారం ప్రభుత్వానిది. ‘ఐ వాంట్ టు సీ ఆన్ ఇమిగ్రేషన్ జడ్జ్’ అనే వాక్యం పెద్దవాళ్లకి నేర్పించండి, లేదా చీటీ మీద రాసి పాస్‌పోర్టులో పెట్టండి. వాళ్లు కార్డు తీసుకున్నా, కేసు తేలేదాకా గ్రీన్ కార్డు హోదా ఉన్నట్టు వాళ్లే రుజువు ఇవ్వాలి. ఏడాది దాటేలా ఉంటే వెళ్లేముందే రీ-ఎంట్రీ పర్మిట్ (తిరిగి రావడానికి ముందస్తు అనుమతి) తీసుకోవాలి.

ఇంకో చిన్న మాట. ఐస్ నుంచి ఫోన్ చేస్తున్నాం, వీసా కేసు ఉంది, గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పండి అంటే పెట్టేయండి. ఇండియాలో డిజిటల్ అరెస్టు అంటారే, దాని అక్కే ఇది. ఐస్ ఫోన్‌లో డబ్బు అడగదు.

మళ్లీ మీ ఇంటికి వస్తే, మీరు ఈ శనివారం చెయ్యాల్సిన పని ఒకటుంది. ఒక తెల్లకాగితం మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఇలా రాసి తలుపుకి లోపలివైపు అత్తగారి కంటి ఎత్తులో అంటించండి:

‘అత్తయ్యగారూ, తెలియనివాళ్లు తలుపు కొడితే తియ్యకండి. గొలుసు పెట్టి కూడా తియ్యకండి. “నో ఇంగ్లీష్. కాల్ మై సన్” అని లోపలినుంచే చెప్పండి. కాగితం ఇస్తామంటే తలుపు కిందనుంచి ఇమ్మనండి, ఫొటో తీసి మాకు వాట్సాప్ చెయ్యండి. మేం ఫోన్ ఎత్తేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. మంచినీళ్లు ఇవ్వకపోతే ఎవరూ ఏమీ అనుకోరు.’

కింద మీ ఇద్దరి నంబర్లు, లాయర్ నంబరు రాయండి. ఒకసారి మీవారు బయటికెళ్లి తలుపు కొట్టి ఆవిడతో రిహార్సల్ చేయించండి. నవ్వుతారు, పర్లేదు. రెండోసారి కొట్టినప్పుడు మాట తడబడకుండా వస్తుంది.

అలాగే పాత టెనెంట్ పేరుతో ఇంకా ఉత్తరాలు వస్తుంటే వాటిని దాచిపెట్టకండి, తెరవకండి. కవరు మీద ‘నాట్ ఎట్ దిస్ అడ్రస్’ అని రాసి తిరిగి పోస్టులో వేసేయండి. లీజింగ్ ఆఫీసుకి ఒక ఈమెయిల్ పెట్టి, మీ లీజు ఏ తేదీన మొదలైందో రాతపూర్వకంగా తెప్పించుకుని ప్రింట్ తీసి ఐ-94లున్న ఫైల్లోనే పెట్టుకోండి.